ఏడవని పిల్ల

అమ్మణ్ణి గారి తేనె అంటే ఆ ఊళ్ళో మాటలు కాదు. ఎవరైనా బజారు తేనె సీసా తెచ్చి చూపిస్తే ఆవిడ మూతయినా తీసేది కాదు. సీసాని ఒకసారి తలకిందులు చేసి, లోపలి బుడగ పైకెక్కే వాలకం చూసి, "బెల్లం పాకం, పట్టుకుపో" అనేసేది. తెచ్చిన మనిషి మొహం చిన్నబోయినా ఆవిడకి చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు. మిగతా విషయాల్లో ఎంతో కొంత మొహమాటం ఉన్న మనిషే గానీ, తేనె దగ్గర మాత్రం కట్టుకున్న మొగుణ్ణి కూడా లెక్క చేసేది కాదు.

ఆ కట్టుకున్న మొగుడు భాస్కరం గారు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ముక్తేశ్వరం రేవుకి దగ్గర్లో, గోదావరి గట్టుని ఆనుకుని ఆయనకి పిత్రార్జితంగా వచ్చిన చిన్న నేల చెక్క ఉంది. అందులో పండేదేమీ లేదు. కానుగలు, వావిలి పొదలు, రేగు కంప, నల్లతుమ్మలు, వానాకాలం వస్తే మోకాటెత్తు ఉత్తరేణి. చుట్టూ అందరివీ కొబ్బరితోటలై, తనదొక్కటీ అడవిలా ఉండడం ఆయనకి నామర్దాగా ఉండేది. "నరికించేసి నాలుగు కొబ్బరి మొక్కలు పాతిద్దామే" అని ఆయన అనని సంవత్సరం లేదు. "ఆ పిచ్చిమొక్కలు కొట్టించిన రోజున నా తేనెటీగలు లేచిపోతాయి. వాటి వెనకాలే నేనూ పోతాను" అని ఆవిడ. ఆ బెదిరింపు మీదే ఆ చెక్క అన్నేళ్ళూ నిలబడింది.

తేనెటీగల పెంపకం ఆవిడ ఎప్పుడో ఖాదీ గ్రామోద్యోగం వాళ్ళ దగ్గర నేర్చుకున్న విద్య. కానుగల నీడలో చెక్క పెట్టెలు పెట్టి, చీమలు పాకకుండా వాటి కాళ్ళ కింద నీళ్ళ చిప్పలు ఉంచేది. పువ్వులు కరువైన రోజుల్లో ఈగలకి పంచదార నీళ్ళు పోసే అలవాటు ఆవిడకి లేదు. వాటి తిండి వాటికి వదిలి, మిగిలిందే తను తీసుకునేది. కాచేది కాదు. తేనెపట్టు కోసి, ఉతికిన పాత ధోవతిలో మూటకట్టి వేలాడదీస్తే దానంతటది కారిందే తేనె. వావిలి చేదు, కానుగ వగరు కలిసి కాస్త గరగరలాడుతూ గొంతు దిగేది. అందులో ఆవిడ అమ్మేది తక్కువ, పంచేది ఎక్కువ.

ఆ పంచడానికి ఒక పద్ధతి ఉంది. ఊళ్ళో ఎవరింట బిడ్డ పుట్టినా మొదటి రుచి అమ్మణ్ణి గారి చేతి మీదుగానే. తన వేలి బంగారు ఉంగరం తీసి, తేనెలో ముంచి, బిడ్డ నాలుక మీద రాసేది. ఒక చిన్న సీసా తల్లి చేతిలో పెట్టి, రోజూ వసకొమ్ము అరగదీసి తేనెలో కలిపి నాకించమని చెప్పేది. దానికి పైసా పుచ్చుకునేది కాదు. బ్రాహ్మణ వీధిలో అయితే లోపలికి వెళ్ళి కూర్చునేది. తక్కిన పేటల్లో వాకిట్లోనే నిలబడితే బిడ్డని గుమ్మం దాటించి తెచ్చి చూపించేవారు. "అమ్మణ్ణి గారి హస్తవాసి మంచిది, ఆవిడ తేనె నాకిన పిల్లలకి మాట తొందరగా వస్తుంది" అని పక్క ఊళ్ళలో కూడా పేరు. ఆ పేరంటే ఆవిడకి ప్రాణం. ఆ సంగతి ఎవరైనా అంటే మాత్రం కసురుకునేది.

అలాంటి మనిషికి సొంత కూతురి కాన్పంటే ఇక చెప్పేదేముంది? మధులత విశాఖపట్నం నుంచి పురిటికి వచ్చింది. అల్లుడు మణిశంకర్‌కి అక్కడ బ్యాంకులో ఉద్యోగం. పెళ్ళయిన చాలా ఏళ్ళకి, రెండుసార్లు పోయాక నిలిచిన కడుపు. జ్యేష్ఠ మాసంలో అమలాపురం ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. నల్లటి జుట్టు, గుండ్రటి మొహం, వరండా చివరిదాకా వినిపించే గొంతు. "గొంతు మాత్రం అమ్మమ్మదే" అన్నారు భాస్కరం గారు, ఆనందం పట్టలేక కళ్ళు తుడుచుకుంటూ.

పురుడు పోసిన డాక్టరమ్మ ఇంటికి పంపేటప్పుడు తల్లి పాలు తప్ప ఏమీ పెట్టొద్దని, మంచినీళ్ళు కూడా వద్దని మధులతకి గట్టిగా చెప్పింది. బారసాల నాడు అమ్మణ్ణి ఉంగరం తీస్తుంటే ఆ మాట గుర్తొచ్చింది మధులతకి.

"అమ్మా, పాలు తప్ప ఏమీ వద్దంది కదే డాక్టరమ్మ!"

"నీళ్ళు వద్దంది. గ్రైప్ వాటర్ వద్దంది. తేనె ఊసెత్తిందా?"

"ఏమీ వద్దంటే అందులో తేనె కూడా ఉన్నట్టే కదా."

"నిన్ను దేంతో పెంచాననుకున్నావే? ఊళ్ళో పిల్లలందరికీ నాకించి నా మనవరాలికి మానేశాననుకో, నలుగురూ ఏమనుకుంటారు? ఆవిడ తేనెలోనే ఏదో లోపం ఉందనుకోరూ?"

పేరంటాళ్ళు నవ్వారు. మధులత కూడా నవ్వేసి ఊరుకుంది. ఉంగరం నాలుకకి తగలగానే పిల్ల పెదాలు చప్పరించింది. అలేఖ్య అని పేరు పెట్టారు.

పిల్లకి నీళ్ళు పోయడానికి రోజూ పాపాయమ్మ వచ్చేది. ఊళ్ళో ఏ కులం వారి బిడ్డయినా ఆవిడ కాళ్ళ మీద పడుకుని ఆముదం మర్దన చేయించుకోవాల్సిందే. పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, పిల్లని బోర్లా వేసుకుని వేణ్ణీళ్ళు పోస్తుంటే అలేఖ్య పెట్టే కేకలకి వీధిలో పోయేవాళ్ళు తలలు తిప్పి చూసేవారు. "ఏడవనియ్యండమ్మగారూ, ఏడిత్తేనే ఊపిరితిత్తులు ఇచ్చుకుంటాయండి" అనేది పాపాయమ్మ. స్నానం అయ్యాక సాంబ్రాణి పొగ వేసి, పొత్తిళ్ళలో చుట్టి అమ్మణ్ణి ఒళ్ళో పెట్టేది. అప్పుడు వస, తేనె. పిల్లకి ఆ రుచి అలవాటైపోయి అమ్మమ్మ వేలు కనిపిస్తే నోరు తెరిచేది. అది చూసి అమ్మణ్ణి మురిసిపోయేది.

శ్రావణం వచ్చేసరికి పిల్ల ఏడుపు తగ్గింది.

మొదట ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకున్నాక అందరూ సంతోషించారు. పాలకి ఏడవదు, పక్క తడిపినా ఏడవదు, చూడవచ్చిన చుట్టాలు ఎత్తుకుంటే ఎవరి చేతుల్లో పెడితే వాళ్ళ చేతుల్లో ఒదిగిపోతుంది. "ఎంత బుద్ధిమంతురాలమ్మా! మా ఇంట్లోనూ ఉన్నారు రాక్షసులు" అని పక్కింటావిడ దీర్ఘాలు తీసింది. "గొంతు అమ్మమ్మదనుకున్నాను గానీ, బుద్ధి తాతయ్యదే" అని భాస్కరం గారు మీసం దువ్వుకున్నారు. రాత్రుళ్ళు నిద్ర కాచి కాచి కళ్ళు లోతుకు పోయిన మధులతకి అది దేవుడిచ్చిన వరంలా ఉంది.

అదే వారంలో పిల్లకి విరేచనం బిగిసింది. ఒక రోజు చూశారు, రెండో రోజు చూశారు. అమ్మణ్ణికి దీని మందు తెలియకపోవడమేమిటి? అన్నేళ్ళ నుంచి ఊరందరికీ చెప్పేది ఆవిడే. వేలితో నాకించడం మాని, ఉగ్గుగిన్నెలో తేనె గోరువెచ్చటి నీళ్ళు కలిపి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పోసింది. పిల్ల మింగడానికి కాస్త కష్టపడింది. పెదవుల అంచుల వెంట కారిందాన్ని అమ్మణ్ణి వేలితో తీసి మళ్ళీ నోట్లోకి తోసింది. ఒక్క చుక్క పోకూడదు.

మర్నాడు పొద్దున్న నీళ్ళు పోస్తూ పాపాయమ్మ చెంబు ఆపింది.

"నీళ్ళు పోత్తే ఏడవని పిల్లని నేను చూళ్ళేదండి" అంది. చెంబు కింద పెట్టి, "ఒక్కణ్ణి చూశాను. మా బుడ్డోడు. ఆడూ ఆఖర్న ఇలాగే బుద్దిగా ఉండీవోడండి అమ్మగారూ" అంది.

పాపాయమ్మ కొడుకు కొడుకు వాడు. అంతకు ముందేటి వానాకాలంలో, మూడో నెల నిండకుండానే పోయాడు. మెడ నిలవక, పాలు తాగక, ఒక మధ్యాహ్నం ఊపిరి ఆపేశాడు. గాలి సోకిందన్నారు. దిష్టి అన్నారు. ఆ ఇంటి మీద ఎవరో చెడుపు చేశారని కూడా అనుకున్నారు.

అమ్మణ్ణికి అరికాలి మంట నెత్తికెక్కింది. "శుభమా అని పసిపిల్లకి నీళ్ళు పోస్తూ ఏం మాటలే అవి? నోరు కడుక్కో ముందు!" అని గయ్యిమంది. పాపాయమ్మ నోరు కడుక్కుని, మిగతా నీళ్ళు పోసి, పిల్లని తుడిచింది. ఆ సాయంత్రం అమ్మణ్ణి ఉప్పూ, ఎండుమిరపకాయలూ పిల్ల చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. మిరపకాయలు ఘాటు రాకుండా కాలాయి. అంటే దిష్టి బలంగానే ఉందని తేల్చుకుని, ఆ తప్పు చూడవచ్చిన పక్కింటావిడ మీద వేసింది.

బయట గోదావరి ఎర్రబడింది. పైన భద్రాచలం దగ్గర వరదని రేడియో చెబుతోంది. ఏటి అవతల కోటిపల్లి రేవుకి జనాన్ని దాటించే పంటు ఆపేశారు. గట్టు మీద చెక్కలో వాన తెరిపివ్వక ఈగలు బయటికి పోలేక, పెట్టెల గుమ్మాల దగ్గర నల్లగా గుంపు కట్టాయి. వాటిని చూసి అమ్మణ్ణి గట్టు దిగింది. ఇల్లు దగ్గరపడ్డాక మధులత గొంతు వినిపించింది.

"అమ్మా! ఇది పాలు పీల్చడం లేదే!"

పిల్ల నోట్లోకి వెళ్ళిన పాలు వెళ్ళినట్టే పెదవి చివరనుంచి కారిపోతున్నాయి. కళ్ళు పూర్తిగా తెరవడం లేదు, రెప్పలు సగంలో ఆగిపోయాయి. అమ్మణ్ణి ఎత్తుకోబోతే తల వెనక్కి వాలిపోయింది. అరటినార ఎత్తినట్టుంది ఆ ఒళ్ళు. ఏడవడానికి నోరు తెరిచింది గానీ అందులోంచి వచ్చింది ఏడుపు కాదు, గోడ అవతల పిల్లికూన మూలిగినట్టు ఓ చిన్న చప్పుడు. వాకిట్లో నిలబడ్డ పాపాయమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

భాస్కరం గారు పరిగెత్తుకెళ్ళి టాక్సీ తెచ్చారు. ఇంత పసిపిల్లకి పెద్ద ఆసుపత్రి అంటే కాకినాడే. పంటు నడిస్తే అవతల ఒడ్డు దిగి, ద్రాక్షారామం మీదుగా ఇట్టే కాకినాడ చేరిపోయేవారు. ఇప్పుడు కోనసీమంతా చుట్టి రావులపాలెం వంతెన ఎక్కి, మండపేట మీదుగా పోవాలి. మండపేటలో రైసుమిల్లుల ముందు లారీలు అడ్డంగా నిలబడి దారి ఇవ్వలేదు. డ్రైవరు హారన్ కొడుతున్నాడు, భాస్కరం గారు వానలో దిగి లారీవాళ్ళకి దణ్ణాలు పెడుతున్నారు. వెనక సీట్లో మధులత పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టుకుని కూర్చుంది. అమ్మణ్ణి మనసులోనే భీమేశ్వరస్వామికి మొక్కింది. నా మనవరాలిని నాకు దక్కించు, నా చేత్తో నీకు తేనెతో అభిషేకం చేయిస్తాను అని.

కాకినాడలో పిల్లల ఆసుపత్రిలో చేర్చుకునేటప్పటికి పిల్ల ఊపిరి ఆగి ఆగి వస్తోంది. గొంతులోకి గొట్టం వేశారు. ఊపిరి పోసే యంత్రం ఇంకో పిల్లాడికి పెట్టి ఉంది, అది ఖాళీ అయ్యేదాకా చేత్తోనే నొక్కాలన్నారు. రబ్బరు సంచి ఒకటి గొట్టానికి తగిలించి, ఎలా నొక్కాలో నర్సు చూపించింది. నొక్కితే పిల్ల రొమ్ము లేస్తుంది. వదిలితే దిగుతుంది. మధులతకి పట్టు జారిపోతోంది. భాస్కరం గారు లెక్క తప్పుతున్నారు. అమ్మణ్ణి ఆ సంచి అందుకుని కూర్చుంది. ఆ చెయ్యి లెక్క తప్పలేదు. తెల్లారేదాకా మనవరాలి ఊపిరి ఆ చేతిలోనే ఉంది.

పొద్దున్నే, భాస్కరం గారు మందులు తేవడానికి వెళ్ళినప్పుడు, పిల్లల డాక్టరమ్మ వచ్చింది. చిన్నదే, మధులత వయసు ఉంటుంది. పిల్ల రెప్పలు ఎత్తి చూసింది, కాళ్ళు వంచి చూసింది, అరికాలి మీద వేలితో గట్టిగా చిటికె కొట్టింది. పిల్ల ఆమె వైపు చూసింది గానీ మొహంలో కదలిక లేదు.

"జ్వరం లేదు, ఫిట్స్ లేవు. విరేచనం ముందుగా బిగిసిందన్నారు కదా. పాలు కాకుండా ఇంకేమైనా పెట్టారా? తేనె గానీ?"

అంత దిగులులోనూ అమ్మణ్ణి మొహం ఒక్క క్షణం వెలిగింది. "పెట్టానండి. బజారుది కాదు, మా సొంత తేనె. పొయ్యి మొహం కూడా చూపించలేదు. చుక్క కల్తీ ఉండదు."

డాక్టరమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది.

"కల్తీ గురించి కాదమ్మా. తేనెలో ఒక్కోసారి కంటికి కనపడని క్రిమి విత్తనంలా ఉంటుంది. మట్టిలో, దుమ్ములో ఉంటుంది, అక్కణ్ణుంచి తేనెలోకి చేరుతుంది. కాచినా చావదు. మీరూ నేనూ తింటే ఏమీ చేయదు. ఏడాది నిండని పిల్లల పేగులో మాత్రం అది మొలకెత్తి విషం చేస్తుంది. ఆ విషం నరాలని పడుకోబెట్టేస్తుంది. ముందు పేగు ఆగిపోతుంది, తర్వాత ఏడుపు, మింగడం, ఆఖరికి ఊపిరి. తేల్చి చెప్పే పరీక్ష ఇక్కడ లేదు. కానీ ఈ వాలకం చూస్తే నాకు అదేననిపిస్తోంది."

"ఊరందరికీ నాకించానండి. ఎవరికీ ఏమీ కాలేదు."

"అందరికీ రాదమ్మా. ఎప్పుడో ఎవరికో వస్తుంది. వచ్చినా తేనె వల్లనని ఎవరికీ తట్టదు, గాలి సోకిందనుకుంటారు."

అమ్మణ్ణి చెయ్యి సంచిని నొక్కుతూనే ఉంది. నొక్కడం మాత్రమే తెలుస్తోంది ఆవిడకి. పాపాయమ్మ ఇంటి వాకిలి కళ్ళ ముందుకొచ్చింది. ఆ వాకిట్లో నిలబడి ఉంగరం ముంచింది తనే. పిల్లాడికి కడుపు కట్టేసిందని కోడలు చిన్నమ్మాయి సీసా పట్టుకుని వస్తే, "ఇంకాస్త ఎక్కువ పట్టవే" అని రెండో సీసా ఇచ్చిందీ తనే. వాడు పోయిన రోజున వాళ్ళ వాకిట్లోనే నిలబడి కొంగుతో కళ్ళు ఒత్తుకుని వచ్చింది.

డాక్టరమ్మ వెళ్ళిపోయాక మధులత గోడకి ఆనుకుని కిందికి జారి కూర్చుంది. "వద్దందని చెప్పాను కదమ్మా" అంది. తిట్టలేదు, అరవలేదు. ఆ ఒక్క మాటకి అమ్మణ్ణి బతికుండగానే చచ్చిపోయింది.

సాయంత్రానికి యంత్రం దొరికింది. రోజులు గడిచాయి, వారాలు గడిచాయి. మణిశంకర్ సెలవు పెట్టి వచ్చాడు. డాక్టరమ్మ రోజూ పొద్దున వచ్చి అరికాలి మీద చిటికె కొట్టేది. "ఏడిస్తే బతికినట్టే. ఏడుపు కోసమే చూస్తున్నాం" అనేది. అమ్మణ్ణి వరండాలో కూర్చుని ఆ చిటికె చప్పుడు కోసం చెవులు రిక్కించేది. లోపలికి వెళ్ళాలని ఉన్నా కూతురి మొహం చూడలేక ఆగిపోయేది. భాస్కరం గారికి ఏదో క్రిమి అట అని మాత్రమే చెప్పింది. ఆయన ఊరికి వెళ్ళి వస్తూ, "పాపాయమ్మ కోడలు చిన్నమ్మాయికి మళ్ళీ నెలలట. కార్తీకంలో కాన్పట. పాపాయమ్మ నీ కోసం అడుగుతోంది, ఎప్పుడొస్తావని" అని చెప్పారు. అప్పుడే చెప్పాల్సింది. తేనె పెట్టొద్దని పాపాయమ్మకి చెప్పండి అంటే అయిపోయేది. కానీ ఎందుకు అని ఆయన అడుగుతారు, పాపాయమ్మా అడుగుతుంది. ఆ ఎందుకుకి జవాబు తన నోటితోనే చెప్పాలి. కార్తీకం ఇంకా చాలా దూరం ఉంది, వెళ్ళాక నేనే చెబుతాను అనుకుంది.

దసరా ముందు, గొంతులో గొట్టం తీసేశాక, ఒక పొద్దున్న చిటికె చప్పుడు వెనకాలే లోపల్నుంచి ఏడుపు వినిపించింది. బొంగురుగా, విరిగి విరిగి, అయినా ఏడుపే. అమ్మణ్ణి వరండా గచ్చు మీదే సాష్టాంగపడింది. పక్క మంచాల వాళ్ళు కూడా వచ్చి చూశారు. ఆ తర్వాత పిల్ల రోజురోజుకీ గొంతు పెంచి, పాతబాకీ అంతా తీరుస్తున్నట్టు ఏడ్చింది. ఆ ఏడుపు వింటుంటే ఎవరికీ చిరాకు రాలేదు.

ఆసుపత్రి నుంచి పంపించే రోజున మణిశంకర్, "మేం ఇటునుంచి ఇటే విశాఖపట్నం వెళ్ళిపోతామండి అత్తయ్య గారూ" అన్నాడు మర్యాదగానే. మధులత సంచులు సర్దుతూ తల ఎత్తలేదు. బయలుదేరే ముందు మాత్రం పిల్లని తెచ్చి తల్లి చేతుల్లో పెట్టింది. అలేఖ్య అమ్మమ్మ వేలు చూసి నోరు తెరిచింది. అమ్మణ్ణి చటుక్కున చెయ్యి కొంగులో దాచుకుంది.

వరద తీసిన గోదావరి మీద పంటెక్కి ఊరికి వచ్చింది. కాళ్ళయినా కడుక్కోకుండా అటక మీది జాడీ దింపి, గట్టు మీద చెక్కకి మోసుకెళ్ళింది. ఆ ఏడాది తేనె అంతా అందులోనే ఉంది. కానుగ మొదట్లో బోర్లించింది. తేనె చిక్కగా, తొందర లేకుండా జారి వేళ్ళ చుట్టూ మడుగు కట్టింది. మట్టిలోకి ఇంకుతుందనుకుంది. ఇంకలేదు. ఎలా పసిగట్టాయో, పెట్టెల్లోంచి ఈగలు జుమ్మని వచ్చి ఆ మడుగు అంచున వాలాయి. కడుపునిండా పీల్చుకుని మళ్ళీ పెట్టెల్లోకే మోసుకుపోతున్నాయి. అమ్మణ్ణి కొంగుతో తోలింది. లేచాయి, మళ్ళీ వాలాయి. మట్టి దోసిళ్ళతో తెచ్చి పోస్తుంటే వెనకనుంచి పిలుపు వినిపించింది.

"అమ్మగారూ! వచ్చేశారని ఇప్పుడే తెలిసిందండి. పిల్లమ్మగారు బావున్నారంట కదండి, ఆ దేవుడి దయ."

పాపాయమ్మ. మొహం విప్పారి ఉంది.

"మాకూ మనవడు పుట్టాడండి! నెలలు నిండకుండానే ఎల్లిన అమాసకి పుట్టేశాడు. మీరు లేరాయె. రండి, ఓసారి మీ చేత్తో నాకిద్దురు గాని."

ఆ మాట విని అమ్మణ్ణి చేతిలోని మట్టి జారిపోయింది. "వద్దు. పాపాయమ్మా, తేనె పెట్టొద్దు. ఏడాది దాకా చుక్క కూడా పెట్టకూడదు. మా పిల్లకి వచ్చింది దానివల్లే. డాక్టరు చెప్పింది. నా తేనె వల్లే."

పాపాయమ్మ నవ్వు ఆగింది గానీ పూర్తిగా పోలేదు. అమ్మగారు ఆసుపత్రిలో నలిగిపోయి ఏదో మాట్లాడుతున్నారనుకుంది. "అలాగంటారేంటండి? పోయిన మా పెద్దోడప్పుడు మీరిచ్చిన తేనె సరిగ్గా పట్టలేదనే నేను కుమిలిపోయేదాన్నండి. సీసా సగం అలాగే ఉండిపోయింది. అందుకే ఈడికి ఆ తప్పు చెయ్యలేదు. తేనె పాడవదు కదండి. ఆ సీసా దాచాను. పుట్టిన కాడ్నుంచీ రోజూ..."

అక్కడికి వచ్చి ఆగిపోయింది. అమ్మణ్ణి మొహంలో ఏం చూసిందో, చెయ్యి నెమ్మదిగా తన గొంతు దగ్గరికి పోయింది.

"మా పెద్దోడు..." అంది.

అమ్మణ్ణి కళ్ళు దించుకుంది.

పాపాయమ్మ ఏడవలేదు. వెనక్కి తిరిగి గట్టు దిగి నడవడం మొదలుపెట్టింది. కాసేపటికి ఆ నడక పరుగయింది. ఆవిడ వెనకే అమ్మణ్ణి, మట్టి చేతులతో, చెప్పులు లేకుండా పరిగెత్తింది. వీధిలో కనిపించినవాళ్ళు "ఎప్పుడొచ్చారండి, పిల్ల బావుందాండి" అని పలకరిస్తున్నా పరుగు తగ్గించలేదు.

ఎన్నోసార్లు నిలబడ్డ ఆ వాకిట్లో ఈసారి ఆగలేదు. వంగి చూరు కింద నుంచి లోపలికి వెళ్ళింది. చిన్నమ్మాయి నులక మంచం మీద కూర్చుని, అమ్మగారు ఇంట్లోకి రావడం చూసి బిత్తరపోయి లేవబోయింది. పక్కన పాత చీర పొత్తిళ్ళలో పిల్లాడు ఉన్నాడు. గూట్లో దీపం పక్కన, అడుగున మాత్రమే మిగిలిన తేనె సీసా ఉంది. ఆ సీసా అమ్మణ్ణిదే.

"పిల్లాడు ఏడుస్తున్నాడా?" అని అడిగింది.

"లేదండమ్మగారూ" అంది చిన్నమ్మాయి సిగ్గుపడుతూ, గర్వంగా. "రెండ్రోజులుగా ఏ గొడవా లేదండి. పెద్దోడి కన్నా బుద్దిమంతుడు."

పాపాయమ్మ గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. అమ్మణ్ణి మోకాళ్ళ మీద కూర్చుని పొత్తిళ్ళు విప్పింది. పిల్లాడి చిన్న పాదాన్ని మట్టి చేతిలోకి తీసుకుని, డాక్టరమ్మ చేసినట్టే అరికాలి మీద గట్టిగా చిటికె కొట్టింది.

పిల్లాడు రెప్పలు సగం ఎత్తి ఆవిడ వైపు చూశాడు. ఏడవలేదు.